పిల్లల చికిత్సలో పెంపుడు జంతువులు

కృష్ణా డెల్టా శ్రోతలకు పశువులను మేము క్రొత్తగా పరిచయం చేయనక్కరలేదు. గుడివాడ పల్లెలలో పాడిగేదెలు, సంక్రాంతికి బందరు వీధులలో గంగిరెద్దులు, దివిసీమ లంకలలో దూడలతోపాటు పెరిగే పిల్లలు అందరూ ఎరిగినవే. అటువంటి ఇంట, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడని పిల్లవాడు ఒకడు ఉన్నాడనుకొందాము. "వీడు దూడ దగ్గర మాత్రం నెమ్మదిగా ఉంటాడండీ" అని తల్లి చెబితే, అది ఆమె భ్రమ అని కొట్టివేయరాదు. ఆ మాట వెనుక రెండు శతాబ్దాల చరిత్ర ఉన్నది.

1796లో ఇంగ్లండులోని యార్కు నగరంలో విలియం ట్యూక్ మనోరోగులకై 'రిట్రీట్' అనే ఆశ్రమాన్ని తెరచినారు. మతి చలించినవారిని గొలుసులతో బంధించడం ఆనాటి ఆచారము. ఆయన మాత్రం దయతో చూడవలెనన్నారు. అక్కడి ఆవరణలో కుందేళ్లు, కోళ్లు, డేగలు, మన మంగినపూడి తీరాన ఎగిరే వాటివంటి సముద్రపు పక్షులు కూడ ఉండేవని ఆయన మనుమడు శామ్యూల్ 1813లో వ్రాసినారు.

పిల్లల విషయం చాలాకాలం తరువాత వచ్చినది. 1943లో బాల్టిమోరు వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను గురించి వ్రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యశాస్త్రంలో చోటు సంపాదించినది. ఆ పిమ్మట కొందరు పెద్దలు, తల్లి ప్రేమ చూపనందువల్లనే బిడ్డ ఇట్లయినాడని నేరమంతా ఆమె నెత్తిన మోపినారు. ఎందరు తల్లులు ఆ నిందను మోసినారో! ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినది. పెంపకపు దోషము కానే కాదు.

ఆ కాలంలోనే న్యూయార్కులో బోరిస్ లెవిన్సన్ అనే మనస్తత్వవేత్త ఉండేవారు. ఒకనాడు ఒక తల్లి, ఎవరితోనూ కలవని తన కుమారుని వెంటబెట్టుకొని, చెప్పిన వేళకు ముందే వచ్చినది. మామూలుగా ఆ వేళకు ఆయన కుక్క జింగిల్స్ గదిలో ఉండదు. ఆనాడు ఉన్నది. లేచి వెళ్లి బాలుని నాకినది. బాలుడు జంకక దానిని దగ్గరకు తీసుకొన్నాడు. దానితో ఆడుకొనుటకే మళ్లీ మళ్లీ వచ్చి, క్రమంగా వైద్యునితోను మాట కలిపినాడు. 1961లో లెవిన్సన్ ఈ సంగతిని పండితసభలో చెప్పగా, ఫీజులో కుక్కకు వాటా ఎంత అని కొందరు హాస్యమాడినారు. ఆయన వెనుకాడక 1962లో వ్యాసము, 1969లో గ్రంథము వెలువరించినారు.

అయితే ఒక్క కథ శాస్త్రము కాజాలదు. మేము చదివిన పరిశోధనలలో 2015లో అమెరికాలో వెలువడినది మెచ్చదగినది. 6 నుండి 16 ఏండ్ల వయస్సుగల 127 మంది ఆటిజం పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 10 వారాలు గుర్రపుస్వారి నేర్పినారు. రెండవ జట్టు గుర్రాలను గురించి పాఠాలు విన్నది. వారి ఎదుట ఉన్నది నిలువెత్తు బొమ్మగుర్రం. స్వారి చేసిన పిల్లలలో చిరాకు, అతిచలనం తగ్గినవి. వారు పలికే మాటలు పెరిగినవి. బొమ్మగుర్రానికి ఆ శక్తి లేకపోయినది.

ఇది ఆటిజాన్ని నయం చేసే మందు కాదు. అట్లని ఎవరైనా చెప్పి సొమ్ము అడిగితే నమ్మవద్దు. కుక్కను తెచ్చి పిల్లవాని ముందు వదిలినంతమాత్రాన చికిత్స కాదు. దాని మొరుగు విని బెదిరే పిల్లలు ఉన్నారు. శిక్షణ పొందిన మనిషి ప్రక్కన ఉండవలెను, జంతువుకు టీకాలు వేయించవలెను, విసిగినప్పుడు దానికి విశ్రాంతి ఇవ్వవలెను.

మాట, నడవడి నేర్పే శిక్షణే ముఖ్యము. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఆటిజం నిర్ధారణకు భారతీయ కొలమానాన్ని రూపొందించినది. 2016 నాటి చట్టం ఆటిజాన్ని వైకల్యాలలో చేర్చినది. వైద్యుని వద్దకు వెళ్లే తల్లి, పిల్లవాడు దూడ దగ్గర ఎంతసేపు నిలిచినాడో, ఏమి పలికినాడో ఒక కాగితం మీద వ్రాసి తీసుకొనిపోతే, అది వారికి పనికివచ్చును.