యుగంధర్‌ని అద్దెకిచ్చిన కొట్లు

ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి బెజవాడ పుట్టిల్లు. రామ్మోహన గ్రంథాలయం 1911లో వెలిసింది. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో తొలి గ్రంథాలయ మహాసభ జరిగిందీ అక్కడే. ఊరి చరిత్ర రాసేవాళ్లు ఇంతవరకూ తప్పకుండా రాస్తారు. అద్దె పుస్తకాల కొట్ల సంగతి మాత్రం ఎత్తరు. మా ప్రాంతంలో డిటెక్టివ్ నవలని బతికించింది ఆ కొట్లే. మా బాబాయి కొట్టు ఖాతా రాసిన దాన్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

బెంజ్ సర్కిల్ నుంచి పటమట వైపు మళ్లితే రోడ్డువార చెక్క బంకు, అదే మా బాబాయి కొట్టు. మద్రాసు-కలకత్తా రోడ్డు, బందరు రోడ్డు కలిసే చోటు కావడంతో అన్ని రకాల మనుషులూ వచ్చేవాళ్లు. ఆటోనగర్ మెకానిక్‌లు, లారీ క్లీనర్లు, సిద్ధార్థ కాలేజీ పిల్లలు. కాస్త డిపాజిట్ కట్టించుకుని, రోజుకింత అని అద్దెకిచ్చేవాళ్లం. ఇళ్లల్లోంచి ఆడవాళ్లు యద్దనపూడి నవల కావాలని చీటీ రాసి పంపేవాళ్లు. ఆ చీటీ అడుగున చిన్న అక్షరాలతో "కొమ్మూరిది ఏదైనా" అని ఉండేది.

కొమ్మూరి సాంబశివరావు 1926లో తెనాలిలో పుట్టారు. ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు మా ఖాతాదారులకి ఇంటి మనుషుల కింద లెక్క. తర్వాత మధుబాబు నవలల్లోని షాడో వచ్చాడు, కుర్రాళ్లందరూ అటు తిరిగారు. నా మనసు మాత్రం యుగంధర్ దగ్గరే ఉండిపోయింది. అతను తుపాకీ కంటే ఆలోచననే ఎక్కువ నమ్ముకునేవాడు.

తిరిగొచ్చిన పుస్తకం చూడటం నాకు పండగ. గ్రీజు వేలిముద్రలు, మార్జిన్‌లో "వంటవాడి మీద నా అనుమానం" అని ఒకరు, కింద "కాదు, మేనల్లుడు" అని ఇంకొకరు. అమెరికాలో 1975లో ఎన్.బి.సి. ఎలరీ క్వీన్ అనే డిటెక్టివ్ సీరియల్ మొదలుపెట్టింది. చివర్లో డిటెక్టివ్ వేషం వేసిన జిమ్ హటన్ కెమెరా వైపు తిరిగి, ఆధారాలన్నీ చూశారుగా, హంతకుడెవరో మీరు చెప్పండని ప్రేక్షకుల్ని అడిగేవాడు. ఒక్క సీజన్‌తోనే దాన్ని ఆపేశారు. మా పాఠకుల్ని అలా ఎవరూ అడగనక్కర్లేదు. పెన్సిలు పట్టుకునే చదివేవాళ్లు.

టీవీ వచ్చాక దెబ్బ ఒక్కసారిగా పడలేదు. 1985లో దూరదర్శన్‌లో కరంచంద్ అనే డిటెక్టివ్ సీరియల్ వచ్చినప్పుడు డిటెక్టివ్ పుస్తకాలకి గిరాకీ పెరిగిందే గాని తగ్గలేదు. 1995లో ఈటీవీ మొదలై, ఇంటింటికీ కేబుల్ పాకాక సాయంత్రాలు బంకు దగ్గర మనుషులు పలచబడ్డారు. బాబాయి పుస్తకాలన్నీ తూకానికి అమ్మేశాడు.

ఖాతా పుస్తకాలు మాత్రం నా దగ్గరే ఉన్నాయి. ఏ నవల ఎంతమంది చేతులు మారిందో వాటిలో తేదీలతో సహా ఉంది. కొన్ని నవలల పేర్లు నాకు ఇంకెక్కడా కనబడలేదు. ఆ ఖాతాలని శుభ్రంగా తిరగరాస్తున్నాను. పూర్తయ్యాక ఒక ప్రతి రామ్మోహన గ్రంథాలయానికి ఇస్తాను. బెజవాడ ఏం చదివిందో తెలుసుకోదలచినవాళ్లకి అది అక్కడ దొరకాలి.