రత్నమాల కూర్చిన అచ్చమాంబ

తెలుగులో తొలికథ యేదన్న వివాదము రేగినప్పుడే భండారు అచ్చమాంబ పేరు సాధారణముగా వినవచ్చును. ఆమె ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూసుందరి’ పత్రికలో వెలువడినది. గురజాడవారి ‘దిద్దుబాటు’ 1910 నాటిది. నిజమే. కాని యీ ముందువెనుకల లెక్కలో ఆమె చరిత్రరచన మరుగుపడినది.

బడి మొగమెరుగని అచ్చమాంబ, నాగపురమున తన యింట నుండి చదువుకొన్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుతోపాటు తానును చదివి, హిందీ మరాఠీలు నేర్చినది. స్త్రీలు స్వభావముచేతనే అవివేకులన్న అపవాదును ఖండించుటకై, ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలోనే భారతనారుల జీవితములను వెదకి ‘అబలాసచ్చరిత్రరత్నమాల’ను కూర్చినది. వట్టి తర్కముకంటె బ్రదికిన మనుష్యుల సాక్ష్యమే బలవత్తరమని గ్రహించిన చరిత్రకారిణి యామె. పురాణస్త్రీలకు, విదేశవనితలకు వేరు భాగములు తలపెట్టినది. అవి పూర్తికాకమునుపే, 1905లో, ముప్పదియేండ్ల ప్రాయమున కన్నుమూసినది.