తోక లేని విమానం – ఒక ఆటబొమ్మ చరిత్ర

విమానం అనే మాట మనకు కొత్తది కాదు. గర్భగుడిపై లేచే కట్టడమూ విమానమే, రావణుడు కుబేరుని వద్ద నుండి అపహరించిన పుష్పకమూ విమానమే. ఈ శబ్దంలోని ధాతువు 'మా'. కొలుచుట అని దాని అర్థం. నేటి ఏరోప్లేనుకు ఈ పాత పేరు ఎంత సార్థకమో, బొమ్మ విమానానికి రెక్కా తోకా అతికించి చూసినవారికి బాగా తెలుస్తుంది. అక్కడ కొలతే ప్రాణం.

మన హైదరాబాదులో జనవరి మాసం ఆకాశానికి పండుగ. సంక్రాంతికి మేడల మీద గాలిపటాలు లేస్తాయి. ఆ రోజులలోనే నాంపల్లిలో నుమాయిష్ జరుగుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఈ ప్రదర్శన 1946లో ఇప్పటి మైదానానికి మారింది. అక్కడి బొమ్మల అంగళ్ళ ముందు పిల్లలు చేత విసిరే విమానాల కోసం మారాం చేయడం చూస్తూనే ఉంటాము. అక్కడికి దగ్గరలోనే అబిడ్స్. ఆల్బర్ట్ ఆబిద్ అనే వర్తకుని దుకాణం వల్ల ఆ పేట పేరు నిలిచింది. ఆదివారాలు అక్కడి కాలిబాటల మీద పరచే పాత పుస్తకాల రాశిలో, ఉద్యోగంలో ఉన్న రోజులలో, నాకు బొమ్మ విమానాల తయారీపై ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట లేదు, సగం పుటలు లేవు. రెక్కా తోకా అమర్చే అధ్యాయం మాత్రం చెక్కుచెదరలేదు. దానిని మా పాఠశాల లెక్కల మాస్టారి ముందు పెట్టి చెప్పించుకున్నాను. తెలుగు పండితునికి ఇదేమి వ్యసనమని తోటివారు నవ్వారు.

ఆ అధ్యాయం వెనుక ఉన్న చరిత్ర గాలిపటంతోనే మొదలవుతుంది. 1804లో ఇంగ్లండులో జార్జి కేలీ అనే ఆయన ఒక పొడవాటి కర్రకు మామూలు కాగితపు గాలిపటాన్ని ఆరు డిగ్రీల వాలుతో బిగించి రెక్క చేశాడు. కర్ర చివర అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పలకలు కూర్చి, ఎటైనా తిప్పగల తోకను పెట్టాడు. బరువు సరిచూడడానికి ముందువైపు జరిపే వీలున్న తూకపు ముక్క ఉంచాడు. అంతకు ముందు ఎగరాలనుకున్నవారు చాలామంది పక్షిలా రెక్కలాడించాలని చూశారు. కేలీ రెక్కను కదలకుండా నిలిపి, నిలకడ బాధ్యతను తోకకు అప్పగించాడు.

ఆ నిలకడను గణించి చూపినవాడు ఫ్రాన్సు దేశీయుడు ఆల్ఫోన్స్ పెనో. తుంటి వ్యాధి వల్ల నావికోద్యోగానికి దూరమైన యువకుడు. 1871 ఆగస్టులో పారిస్‌లోని ట్యులరీ ఉద్యానంలో, మెలిపెట్టిన రబ్బరుతో నడిచే చిన్న విమానాన్ని పండితుల ఎదుట వదిలాడు. దాని బరువు 16 గ్రాములు. 11 సెకండ్లలో సుమారు 40 మీటర్లు నిలకడగా ఎగిరింది. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్ళు.

రహస్యం తోక వాలులో ఉన్నది. మా లెక్కల మాస్టారు చెప్పిన ఉదాహరణే ఇక్కడ ఇస్తాను. రెక్క గాలికి 6 డిగ్రీల వాలులో, తోక 2 డిగ్రీల వాలులో ఉన్నాయనుకోండి. గాలి ఊపుకు ముక్కు 2 డిగ్రీలు పైకి లేచింది. రెక్క వాలు 8 అయింది, అనగా మూడవ వంతు పెరిగింది. తోక వాలు 4 అయింది, అనగా రెట్టింపయింది. చిన్న వాలులలో గాలి ఎత్తే బలం వాలును బట్టే పెరుగుతుంది. కనుక తోక వెనుకభాగాన్ని ఎక్కువగా ఎత్తి, ముక్కును తిరిగి దించుతుంది. ముక్కు వాలిపోతే ఇదే లెక్క తిరగబడి దానిని లేపుతుంది. నడిపేవాడు లేకుండానే బొమ్మ తన్ను తాను దిద్దుకుంటుంది.

అందుకే అమరికలో ఇంత పట్టుదల. ముందు కర్ర మీద, రెక్క మీద నడిమి గీతలు గీసి ఒకదానిపై ఒకటి కలపాలి. కర్ర వెనుక కొసన గుండుసూది గుచ్చి, దానికి కట్టిన దారంతో రెండు రెక్కల కొసల దూరాలు కొలవాలి. రెండూ సమానం కావాలి. వెనుక నుంచి చూస్తే అడ్డతోక రెక్కతో సమాంతరంగా, నిలువు తోక దానికి మూలమట్టంగా నిలవాలి. గరిమనాభి రెక్క ముందంచు నుంచి సుమారు మూడవ వంతు వెనుక ఉంటే మంచిది. మొదటిసారి జిగురు పనికిరాదు. రబ్బరు బ్యాండుతో కట్టి గడ్డి మీదుగా వదలాలి. ముక్కెత్తి తూలితే అడ్డతోక ముందంచు కింద, ముక్కు నేలకు గుచ్చుకుంటే వెనుకంచు కింద, సన్నని అట్టముక్క పెట్టాలి. సరిగా సాగినప్పుడే అతికించాలి. మన పిల్లలు గాలిపటానికి సూత్రం కట్టి, ఎత్తి చూసి, మళ్ళీ ముడి జరిపే పని ఇదే.

1878లో ఒక తండ్రి తన కొడుకులకు పెనో రూపొందించిన రకం రబ్బరు బొమ్మ, నిలువునా పైకి లేచేది, తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలే రైట్ సోదరులు. 1903లో వారు ఎగిరించిన విమానానికి అడ్డపలక ముందుండేది. దానిని అదుపులో ఉంచడానికి నడిపేవాడు అనుక్షణం పెనుగులాడవలసి వచ్చేది. 1910 నాటి వారి విమానంలో అది వెనుకకు చేరింది. పెనో బొమ్మ చెప్పిన చోటికే వచ్చారన్నమాట.

అది చూడడానికి పెనో లేడు. 1876లో మనుషులను మోసే పెద్ద విమానానికి నమూనా గీసి హక్కుపత్రం పొందాడు. దానిని కట్టడానికి ధనమిచ్చినవారు లేరు. 1880లో, 30 ఏళ్ళ వయసులో, నిరాశతో ప్రాణం తీసుకున్నాడు. ఆటబొమ్మే కదా అని లోకం తీసిపారేసిన పదహారు గ్రాములలో ఆయన చెప్పవలసినదంతా చెప్పి ఉంచాడు.

కనుక నుమాయిష్‌లో పిల్లవాడు విమానం అడిగితే కొనిపెట్టండి. తోకను మాత్రం వాడి చేతనే కొలిపించండి.