రక్తపరీక్ష చెప్పునది, చెప్పనిది

సికింద్రాబాదునకు వైద్యచరిత్రలో శాశ్వతమైన స్థానము కలదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, అచ్చటి బేగంపేటలో, రోనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపుగోడలో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ కృషికి ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించెను. ఈ వృత్తాంతమును పెద్దలు పలుమారు వినియే యుందురు. కాని యందలి యొక చిన్న విషయమును తలచువారు అరుదు. నేటి రక్తపరీక్షల కాగితములను అర్థము చేసికొనుటకు ఆ విషయము మిక్కిలి యుపకరించును.

రాస్ తాను పెంచిన దోమలను ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిపై విడిచి కుట్టించెను. దోమకొక అణా చొప్పున అతనికి ముట్టజెప్పెను. నాలుగు దినములు గడచిన పిదప ఒక దోమను కోసి సూక్ష్మదర్శినిలో చూడగా, కడుపుగోడలో నల్లని రేణువులుగల కణములు కానవచ్చెను. మరునాడు ఇంకొక దోమను కోయగా అట్టి కణములే మరింత పెద్దవై యుండెను. క్రిమి దినదినము పెరుగుచున్నదని ఆయన గ్రహించెను. ఆ నిర్ణయమునకు ఆధారమేమి? దోమ రక్తము త్రాగిన దినము ఆయనకు ముందే తెలిసి యుండుటయే. మొదటి దినము తెలిసినవానికే వయస్సు లెక్క తెలియును.

రాస్ చూచినది క్రిమినే. అది దొంగను ఇంటిలో పట్టుకొనుట వంటిది. తరువాత వచ్చిన పరీక్షలలో అనేకములు దొంగను గాక, అతని యడుగుజాడలను చూచునవి. రోగము సోకినపుడు మన దేహము దానిని ఎదుర్కొనుటకు కొన్ని పదార్థములను పుట్టించును. వానికి ప్రతిరక్షకములని పేరు. 1906లో జర్మనీ దేశమున వాసర్మన్ మొదలగువారు సవాయి రోగమునకు ఇట్టి రక్తపరీక్షను కల్పించిరి. లోకమంతయు దానిని మెచ్చుకొనెను. కాని కొంతకాలమునకు, సవాయి యెన్నడును సోకని మలేరియా రోగుల రక్తమును, కుష్ఠురోగుల రక్తమును ఒక్కొక్కప్పుడు ఆ పరీక్షలో 'కలదు' అని పలుకుచున్నవని తేలెను. నిరపరాధులపై నింద పడుటకు అవకాశము కలిగెను. పరీక్ష యెంత గొప్పదైనను దాని మాటకు హద్దు కలదని వైద్యులు ఆనాడే నేర్చుకొనిరి.

ఇక హెర్పిస్ అను వ్యాధి సంగతి. గ్రీకు భాషలో ఈ పదమునకు ప్రాకునది యని యర్థము. నడుముచుట్టు పొక్కులై మంటపెట్టు సర్పి వేఱు. అది ఆటలమ్మను కలిగించు వైరసు వలన వచ్చును. ఇచ్చట చెప్పునది పెదవిపైని జ్వరపు పొక్కులను, మర్మస్థానములందలి పొక్కులను కలిగించు వైరసు. 1930లో ఇంగ్లండు వైద్యులు ఆండ్రూస్, కార్మైకేల్ అనువారు, ఈ పొక్కులు మాటిమాటికి వచ్చువారి రక్తములో ప్రతిరక్షకములు నిండుగా నుండుటను చూపిరి. 1939లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్, ఇది బాల్యముననే దేహములో ప్రవేశించి బ్రతికినంతకాలము దాగియుండునని తెల్పెను. దాని దాపు నరముల ముడులలో నని 1970 తరువాతి పరిశోధనలు నిరూపించినవి. 1962లో జర్మనీలో ష్నెవైస్ ఈ వైరసులో రెండు రకములు కలవని వేఱుపఱచెను. మొదటిది సాధారణముగా నోటివద్దను, రెండవది సాధారణముగా మర్మస్థానములందును ఉండును. కాని మొదటిది రెండుచోట్లను రావచ్చును.

ఇది అరుదైన రోగము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020వ సంవత్సరమునకు వేసిన అంచనా ప్రకారము 50 ఏండ్లలోపువారిలో నూటికి 64 మందికి మొదటి రకమును, 15 మొదలు 49 ఏండ్ల వయస్సువారిలో నూటికి 13 మందికి రెండవ రకమును కలవు. వీరిలో పెక్కుమందికి పొక్కులే రావు. వచ్చినను గుర్తింపరానంత స్వల్పము. పొక్కులు లేనపుడును వ్యాధి యొకరినుండి యొకరికి సోకవచ్చును.

ఇప్పుడు కాగితము సంగతి చూతము. అందు ఐజీజీ యను ప్రతిరక్షకము 'కలదు' అని యుండినచో, ఆ మనుష్యునికి ఎప్పుడో వైరసు సోకినదని మాత్రమే తాత్పర్యము. అది గడచిన యేడా, ఇరువది యేండ్ల క్రిందటనా, పెండ్లికి ముందా, తరువాతనా? రక్తము చెప్పదు. ఎవరివలన వచ్చెనో యంతకన్నను చెప్పదు. సంఖ్య పెద్దదైనంత మాత్రమున వ్యాధి పాతదనిగాని క్రొత్తదనిగాని లెక్కింపరాదు. ఐజీఎం అను వేఱొక పరీక్ష క్రొత్త వ్యాధిని పట్టునని కొందరందురు. కాని పాతవ్యాధి తిరుగబెట్టినపుడును అది కనబడుచుండును, ఒక్కొక్కప్పుడు ఊరకే కనబడును. కావున దానిని నమ్మరాదు.

'లేదు' అను మాటకును హద్దు కలదు. వ్యాధి సోకిన తరువాత ప్రతిరక్షకములు కొన్ని వారములకుగాని పుట్టవు. కొందరికి 12 వారములు, అంతకు మించియు పట్టును. తొందరపడి చేయించిన పరీక్ష 'లేదు' అనినను అది తుదిమాట కాదు. అట్లే రెండవ రకమునకు సంబంధించిన సంఖ్య 3 కంటె తక్కువయై 'కలదు' అని వచ్చినపుడు అది పెక్కుసార్లు పొరపాటు కావచ్చునని, వేఱొక విధానమున మఱల పరీక్షింపవలెనని అమెరికా ప్రజారోగ్యశాఖవారు 2021లో సూచించిరి. వ్యాధిలక్షణములు లేనివారికి ఈ పరీక్షను ఊరక చేయింపవలదని అచ్చటి నిపుణులు 2016లోను 2023లోను చెప్పిరి.

కాలనిర్ణయమునకు ఒక్క మార్గము కలదు. తొలిసారి పొక్కు వచ్చినపుడు దాని నీటిని పరీక్షింపగా వైరసు దొరకి, అదే సమయమున రక్తములో ఆ రకపు ప్రతిరక్షకములు లేక, కొన్ని నెలలకు అవి కనబడినచో, వ్యాధి క్రొత్తదని చెప్పవచ్చును. ఇదియు రాస్ చేసిన లెక్క వంటిదే. మొదటి దినమునకు గురుతు చిక్కినది గనుకనే వయస్సు తెలిసినది.

పెద్దలకు ఈ సంగతి తెలియుట యవసరము. నేడు పట్టణమున రక్తపరీక్ష చేయించుకొని వచ్చిన కాగితము గ్రామములోని కాపురములను కలతపెట్టవచ్చును. పది యేండ్లుగా అన్యోన్యముగా నున్న దంపతులలో ఒకరి కాగితమున 'కలదు' అని యుండును, రెండవవారి కాగితమున 'లేదు' అని యుండును. వెంటనే శీలముపై నింద బయలుదేరును. సాధారణముగా ఆ నింద ఆడుబిడ్డ తలపై పడును. తగవు మీ యెదుటికి వచ్చినపుడు మొదట అడుగవలసిన ప్రశ్న యిది: ఈ కాగితములో దినము వ్రాసి యున్నదా? వ్రాసి యుండదు. దినము చెప్పలేని సాక్షి మాటపై తీర్పు చెప్పుట ధర్మము కాదు.

ఆ యింటివారిని వైద్యునికడకు పంపుడు. ఈ వ్యాధిని సమూలముగా పోగొట్టు మందు లేకున్నను, ఎసైక్లోవిర్ మొదలగు మందులు పొక్కులను తగ్గించును, ఇతరులకు సోకుటను కొంత నివారించును. గర్భవతికి నెలలు నిండుచున్నపుడు ఈ వ్యాధి క్రొత్తగా సోకినచో పుట్టెడు శిశువునకు ప్రాణాపాయము కలుగవచ్చును. కావున అట్టివారు సిగ్గుపడక వైద్యునికి తెలుపవలెను. నిందకు వెఱచి దాచినచో నష్టపడునది ఆ పసిబిడ్డయే.