కరువు పని పుట్టుపూర్వోత్తరాలు

1877 నాటి ధాత కరువులో బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ అమలు చేయించిన నిబంధనల్లో ఒకటి ఇలా ఉండేది: కూలీకి సొంతూరికి పది మైళ్ల లోపల పని ఇవ్వకూడదు. 2005లో పార్లమెంటు చేసిన ఉపాధి హామీ చట్టం దీన్ని తలకిందులు చేసింది. ఊరికి ఐదు కిలోమీటర్ల లోపే పని చూపాలి, అంతకు మించితే కూలి పది శాతం పెంచి ఇవ్వాలి అంది. తెలుగు పల్లెల్లో నేటికీ చాలామంది ‘కరువు పని’ అనే పిలుచుకునే పథకం వెనుక ఇంత చరిత్ర ఉంది.

కరువులో పని చూపి కడుపు నింపడం పాత పద్ధతే. దుర్భిక్షం వస్తే రాజు విత్తనాలు, తిండి ఇవ్వాలనీ, లేదంటే తిండి పెట్టి కోటలు, కట్టలు కట్టించాలనీ కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. లక్నోలో 1784లో నవాబు అసఫుద్దౌలా బడా ఇమాంబారా కట్టించింది కరువు కాలంలోనే. పగలు సామాన్యులు కట్టిన గోడను, చేయి చాపడానికి సిగ్గుపడే పెద్దింటివాళ్లు రాత్రి చీకట్లో కూల్చి కూలి తీసుకునేవారని అక్కడ కథగా చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, పనికన్నా పరువు కాపాడటం ముఖ్యమన్న ఆలోచన అందులో ఉంది. తర్వాత వచ్చిన దొరలకు ఆ ఆలోచన లేదు. 1834 నాటి ఇంగ్లండు పేదల చట్టం ప్రకారం సాయం ఎంత చేదుగా ఉంటే అంత మంచిది. నిజంగా గతిలేనివాడే వస్తాడు. ఆ సూత్రమే ఓడెక్కి ఇక్కడికి వచ్చింది.

టెంపుల్ కథ విచిత్రమైనది. 1873–74లో బీహారులో కరువొస్తే ఆయన బర్మా నుంచి బియ్యం తెప్పించి పంచాడు. చావులు చాలా తక్కువ. జనాన్ని బతికించినందుకు మెప్పు రాకపోగా, ఖజానా దుబారా చేశాడని చీవాట్లు పడ్డాయి. ఆ మచ్చ చెరుపుకునే అవకాశం 1877 జనవరిలో దొరికింది. ధాత కరువుతో దక్షిణాది మాడిపోతుంటే, ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు ముగించుకున్న వైస్రాయి లిట్టన్, ఖర్చు తగ్గించమని చెప్పి ఆయన్ను పంపాడు. టెంపుల్ రోజు కూలిని మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణాకు దించాడు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. పౌను అంటే సుమారు 450 గ్రాములు. అది తిని రోజంతా ఎండలో, నీడ లేకుండా మట్టి తవ్వాలి.

మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ దీనికి అడ్డం తిరిగాడు. కష్టం చేసే మనిషికి కనీసం పౌనున్నర ధాన్యం, దానితోపాటు పప్పు, కూరగాయలు కావాలని వాదించాడు. ఆ ఏడాది మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దారికి వచ్చి, పౌనుంబావు ధాన్యం, ఒకటిన్నర ఔన్సు పప్పు ఇవ్వడానికి ఒప్పుకుంది. బొంబాయి ప్రెసిడెన్సీలోనైతే కూలీలే పని మానేసి సమ్మె కట్టారు. ఆకలితో ఉన్నవాళ్లు సమ్మె చేయడం పాలకులకు అంతుపట్టలేదు. ఆ కరువులో పోయిన ప్రాణాలు తక్కువ అంచనాతోనే 55 లక్షల దాకా ఉంటాయి. అదే కాలంలో దేశం నుంచి గోధుమలు ఇంగ్లండుకు ఓడలెక్కుతూనే ఉన్నాయి.

ఆ చెమటకు మిగిలిన గుర్తుల్లో ఒకటి చెన్నైలో ఉంది. అడయారు, కూవం నదులను కలుపుతూ సుమారు ఎనిమిది కిలోమీటర్ల కాలువను 1877–78లో కరువు కూలీలే తవ్వారు. అది అప్పటి గవర్నరు పేరు పెట్టిన బకింగ్‌హాం కాలువలో భాగమైంది. ఉత్తరాన పెదగంజాం దాకా సాగే ఆ కాలువలో పడవల మీద కోస్తా బియ్యం, ఉప్పు, కట్టెలు పట్నానికి చేరేవి. ఇప్పుడు నగరంలో అందులో మురుగు పారుతోంది, నడుమ రైలు వంతెన స్తంభాలు లేచాయి. అన్నిమంది ఉసురు పోసుకుని తవ్వించిన జలమార్గాన్ని ఇలా వదిలేయడం క్షమించరానిది.

కరువు తర్వాత దానిపై విచారణకు స్ట్రేచీ కమిషన్ కూర్చుంది. 1883 నాటికి కరువు నియమావళి ముసాయిదా వచ్చింది. ధరలు, వలసలు, చిల్లర దొంగతనాలు గమనించి కరువును ముందే పసిగట్టడం, అడిగినవాడికి పని చూపడం అధికారుల బాధ్యత అయింది. దాని కూలి పిసినారిదే కానీ ఆ నిఘా గొప్పది. 1943లో బెంగాలు ఆకలితో చస్తుంటే ప్రభుత్వం ఈ నియమావళి ప్రకారం కరువు ప్రకటించనే లేదు. పుస్తకం అరలోనే ఉండిపోయింది.

దయను హక్కుగా మార్చింది మహారాష్ట్ర. గాంధేయవాది వి.ఎస్. పాగే ఆలోచనతో 1965లో సాంగ్లీ జిల్లా తాస్‌గావ్ తాలూకాలో ఉపాధి హామీ ప్రయోగం మొదలైంది. 1972–73 కరువులో ఒక దశలో దాదాపు 50 లక్షల మంది సహాయ పనుల్లో ఉన్నారు. ఎక్కువగా రోడ్ల కోసం కంకర కొట్టే పని, సుత్తి పట్టినవాళ్లలో ఆడవాళ్లే అధికం. ఆ హామీ 1977లో చట్టమైంది, 1979 జనవరి 26న అమల్లోకి వచ్చింది. దానికి సొమ్ము కొంత పట్నాల ఉద్యోగుల వృత్తి పన్ను నుంచి వచ్చింది.

జాతీయ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా మొదలైంది. ధాత కరువు నాటికి ఆ ప్రాంతం బళ్లారి జిల్లాలోది. పని అడిగిన పదిహేను రోజుల్లో చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని, పనిచోట తాగునీరు, నీడ ఉండాలని చట్టం రాసుకుంది. నీడ గురించి జాతీయ చట్టంలో ఒక మాట పడడానికి అంత కాలం పట్టింది. రాసినంత మాత్రాన ప్రతిచోటా పందిరి పడలేదు. కొలతల దగ్గర, మస్టర్ల (హాజరు పట్టీల) దగ్గర దొంగ లెక్కలూ ఆగలేదు. వాటిని పట్టడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని చేపట్టి, 2009లో దానికోసం ప్రత్యేక స్వతంత్ర సంస్థను ఏర్పాటు చేసింది. ఎవరి పేరున ఎన్ని రోజుల కూలి రాశారో ఊరందరి ముందు చదివి వినిపించడం అందులో భాగం.