నాటువైద్యులు

కాలేజీ చదువు లేకుండా, ఇంటి పెద్దల దగ్గర నేర్చుకుని చికిత్స చేసేవారు. తెలుగు పల్లెల్లో పసిరికలకు (కామెర్లకు) పసరు పోసేవారు, ఎముకలు కట్టేవారు, మంత్రసానులు ఈ కోవలోకి వస్తారు. అల్లోపతి మందులిచ్చే ఆర్‌ఎంపీలు వేరు.

పద్ధతి: రాయలసీమలోని పుత్తూరు కట్టు ప్రసిద్ధం. విరిగిన చోట ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడతారు. ఏ కట్టయినా మరీ బిగిస్తే రక్తప్రసరణ ఆగి అవయవమే పోవచ్చు.

చట్టం: 1970 నాటి భారతీయ వైద్య కేంద్ర మండలి చట్టం ఆయుర్వేద, యునానీ, సిద్ధ వైద్యులకు గుర్తింపు పొందిన అర్హత, రిజిస్టర్‌లో నమోదు ఉండాలంది. చట్టం అమల్లోకి వచ్చేనాటికే కొంతకాలంగా వైద్యం చేస్తున్న కొందరికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. దాని స్థానంలో 2020లో భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. వంశపారంపర్య అనుభవం ఒక్కటే వైద్యం చేసే హక్కు ఇవ్వదని 2018 ఏప్రిల్‌లో కేరళ సంప్రదాయ వైద్యుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మూలికల అనుభవాన్ని నమోదు చేసి, పరీక్షించి కాపాడుకోవాలి. పాముకాటు, కాన్పు, ఎముక బయటికొచ్చిన గాయాలకు మాత్రం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.