నిజాం గని, ఇనుము తినే బాక్టీరియా

మొన్న అక్షయ తృతీయకి దిల్‌సుఖ్‌నగర్ నగల షాపుల ముందు జనాన్ని చూసి మా కొలీగ్ అన్నాడు: "మన హైదరాబాదుకి వజ్రాల చరిత్రే గురూ, బంగారం మాత్రం ఎప్పుడూ బయట కొనుక్కోవడమే." పప్పులో కాలేశాడు.

హట్టి పేరు విన్నారా? రాయచూరు జిల్లా. 1956 నవంబరు 1 దాకా అది హైదరాబాదు రాష్ట్రమే. అక్కడి గని కోసం 1947లో పెట్టిన కంపెనీ పేరే హైదరాబాద్ గోల్డ్ మైన్స్. జిల్లా మైసూరులో కలిశాక హట్టి గోల్డ్ మైన్స్ అయింది. అసలు రెండు వేల ఏళ్ళ కిందటే అక్కడ వందల అడుగుల లోతుకి తవ్వేశారు. దగ్గర్లోని మస్కిలో అశోకుడి పేరున్న శాసనం 1915లో బయటపడిందీ బీడన్ అనే గని ఇంజనీరు వల్లే. గోల్కొండ వజ్రాల పాఠం బట్టీపట్టిన నాకు బళ్ళో ఇదెవరూ చెప్పలేదు.

సరిగ్గా అదే 1947లో అమెరికాలో కోల్మర్, హింకిల్ అనే ఇద్దరు బొగ్గుగనుల్లోంచి కారే ఆమ్లపు నీళ్ళలో ఒక బాక్టీరియాని పట్టుకున్నారు. తర్వాత దానికి థయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అని పేరొచ్చింది. (2000లో ఇంటిపేరు మారి అసిడిథయోబాసిల్లస్ అయిందిలెండి.)

దీంతో బంగారానికేం పని? మామూలుగా రాయిని పొడిచేసి సైనైడు ద్రావణంలో కలిపితే బంగారం కరిగి వస్తుంది. కొన్ని రాళ్ళు మొండివి. బంగారు రేణువు ఇనుము, గంధకం, ఆర్సెనిక్ కలిసిన ఖనిజం లోపల ఇరుక్కుంటుంది, సైనైడు దాన్ని చేరలేదు. కాల్చొచ్చు గానీ విషపు పొగలొస్తాయి. ఈ బాక్టీరియా బంగారాన్ని ముట్టుకోదు. చుట్టూ ఉన్న ఇనుమునీ గంధకాన్నీ ఆక్సీకరించి, ఆ శక్తితోనే బతుకుతుంది. ట్యాంకుల్లో గాలి ఊదుతూ నాలుగైదు రోజులుంచితే ఖనిజపు గోడ కూలిపోతుంది.

ఆ తర్వాత మళ్ళీ సైనైడే! కరిగిన ఆర్సెనిక్‌ని కూడా ఇనుముతో గట్టిపరిచి జాగ్రత్తగా పారబోయాలి. "పర్యావరణహితం" అని ఊదరగొట్టేవాళ్ళు ఈ ముక్క మింగేస్తారు.

1986లో దక్షిణాఫ్రికా ఫెయిర్‌వ్యూ గనిలో ఈ పద్ధతి వ్యాపారానికెక్కింది. మనదేశంలో బెంగుళూరు ఐఐఎస్సీ ప్రొఫెసర్ కె.ఎ. నటరాజన్ దీనిమీద ఏళ్ళ తరబడి పనిచేశారు. చిత్రదుర్గ దగ్గరి జి.ఆర్. హళ్ళి మొండి ఖనిజం కోసం ప్రయోగాత్మక ప్లాంటు కూడా పెట్టారు. ఎక్కడనుకున్నారు? మన పాత హైదరాబాదు గనిలో, హట్టిలోనే.

మావాడికి ఇదంతా చెప్తే, "అయితే ఆ బాక్టీరియాకి తరుగు ఎంత?" అన్నాడు.